ఎత్తు మీద ఊరు, మెత్తటి పప్పు

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఈ ఎత్తులో నీళ్ళు 100 డిగ్రీల దాకా వెళ్ళవు, 97 దగ్గరే మరుగుతాయి. ఒంగోలు నుంచో నెల్లూరు నుంచో వచ్చి వైట్‌ఫీల్డ్‌లో మెస్సు పెట్టుకున్న ఇల్లాలికి ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు, మొదటి వారంలోనే కందిపప్పు చెప్పేస్తుంది. ఊళ్ళో మామూలు గిన్నెలో మెత్తగా ఉడికిన పప్పు ఇక్కడ పలుకుగా మిగిలిపోతుంది. దానికి తోడు బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు. నీళ్ళలో సున్నం ఎక్కువైతే గింజ మరింత మొండికేస్తుంది. అందుకే పప్పు ముందే నానేస్తారు, పప్పు వరకు ఫిల్టరు నీళ్ళు పోస్తారు, కుక్కరును ఇంకో రెండు కూతలు కూయనిస్తారు. చింతపండు రసమైనా, గోంగూరైనా, మామిడికాయైనా పప్పు బాగా మెత్తబడ్డాకే పడాలి. పులుపు ముందే తగిలితే గింజ బిగుసుకుపోతుంది, ఇక ఎంత మంట పెట్టినా లాభం లేదు.

కుటుంబం నడిపే ఆంధ్రా మెస్సు పనితనం ఈ సర్దుబాటులోనే ఉందని నా నమ్మకం. నీళ్ళు మారితే, బియ్యం మారితే, చలి పెరిగితే చెయ్యి కూడా మారాలి. గిన్నె అడుగున మిగిలిన పప్పే మూడు గంటలకు తామూ తినాలి గనక వాళ్ళు ఆ మార్పు పట్టించుకుంటారు. బెంగళూరుకు అరిటాకు భోజనం రుచి చూపించిన పెద్ద హోటళ్ళున్నాయి. రెసిడెన్సీ రోడ్డులో 1984లో మొదలైన నాగార్జున వాటిలో ముందు గుర్తొచ్చేది. వాటి ఘనత వాటిది. రోజూ రెండు పూటలా తినేవాడికి కావలసిన తిండి మాత్రం వేరు.

వైట్‌ఫీల్డ్‌కు తెలుగువాళ్ళు సాఫ్ట్‌వేర్‌తోనే రాలేదు. 1882లో మైసూరు మహారాజు ఆంగ్లో-ఇండియన్లకు ఇచ్చిన భూమిలో వెలసిన ఊరు ఇది. పక్కనే కాడుగోడిలో సత్యసాయి బృందావనం, 1969 నుంచి అక్కడ కళాశాల, దగ్గర్లోనే 2001 నుంచి ఉచిత వైద్యం చేసే పెద్దాసుపత్రి. చదువుకునే పిల్లలు, దర్శనానికి వచ్చినవాళ్ళు, రాయలసీమ నుంచి రోగిని వెంటబెట్టుకొచ్చిన బంధువులు, అందరికీ అన్నం కావాలి. ఈలోగా ఐటీపీఎల్ టెక్ పార్కూ వచ్చింది, వీధివీధినా పీజీ హాస్టళ్ళు వెలిశాయి. మారతహళ్ళిలో కోర్సు నేర్చుకుంటూ ఉద్యోగం వెతుక్కునే కుర్రాళ్ళు ఈ మెస్సుల్ని నిలబెట్టారు, మెస్సులు వాళ్ళను నిలబెట్టాయి. ఆఫర్ లెటర్ రాని నెలల్లో "రాసుకో అక్కా" అంటే రాసుకున్న నోటు పుస్తకాలు ఈ వీధుల్లో చాలానే ఉంటాయి. ఏ బ్యాంకూ ఇవ్వని అప్పు అది.

వడ్డనలోనూ ఒక పద్ధతి ఉంది. ముందు కందిపొడి, నెయ్యి. తర్వాత పప్పు, కూర, పచ్చడి. ఆపైన సాంబారు లేదా పులుసు, చారు, చివరికి పెరుగు. కారం, పులుపు ముందుగా ఆకలిని లేపుతాయి, చారు తేలికపరుస్తుంది, పెరుగు చల్లబరుస్తుంది. అన్నం పొడిపొడిగా ఉంటేనే ఇన్నిటితో కలిపినా తట్టుకుంటుంది. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి విడుదలైన బీపీటీ 5204, అదే సాంబ మసూరి, ఇందుకు పెట్టింది పేరు. అయితే కొత్త బియ్యమైతే ముద్దవుతుంది. బియ్యం పాతబడిందో లేదో కొట్టువాడి మాట నమ్మకుండా గుప్పెడు ఉడికించి చూసి బస్తా దించుకునేవాళ్ళే అసలు మెస్సువాళ్ళు.

గోంగూర పచ్చడి ఇంకో పరీక్ష. ఎర్ర కాడ గోంగూరకు పులుపెక్కువ. ఆకు కడిగాక గుడ్డ మీద పరిచి తడి పూర్తిగా ఆరేదాకా ఆగాలి. వైట్‌ఫీల్డ్ వానాకాలంలో ఎండ ఉండదు, ఫ్యాను కింద పరుస్తారు. నూనెలో ఆకు మగ్గి, దగ్గరపడి, అంచుల్లో నూనె తేలాక గుంటూరు మిరపకాయలు, వెల్లుల్లి కలిపి నూరితే నాలుగు రోజులు ఢోకా లేదు. తొందరపడితే రెండో రోజుకే బూజు. పెరుగు సంగతి చెప్పనే అక్కర్లేదు. కోస్తాలో రాత్రి ఓ చుక్క తోడు వేస్తే తెల్లారేసరికి గడ్డకట్టేది. డిసెంబరులో ఇక్కడ పాలు గోరువెచ్చగా కాక కాస్త వేడిగానే ఉండగా తోడు ఎక్కువ వేసి, గిన్నెను పాత దుప్పటిలో చుట్టి పెట్టాలి.

"ఇంకొంచెం పెట్టనా బాబూ?" అని అడిగేలోపే గరిటె ఆకు మీదికి వస్తుంది. మారు అన్నానికి లెక్క లేకపోవడం వ్యాపారంగా చూస్తే నష్టం. పప్పు, చారు, మజ్జిగ చవకైనవి గనక, ఏ రోజు ఏ కూరగాయ చవకగా ఉందో ఆరోజు అదే వండుతారు గనక గిట్టుబాటవుతుంది. చవకతనం రుచికి అడ్డురాకుండా చూడటం గొప్ప విద్య, దానికి దక్కాల్సిన గౌరవం ఇంకా దక్కలేదు.

ఇప్పుడు అద్దెలు పెరిగాయి, యాప్‌లు పార్సిళ్ళను తీసుకుపోతున్నాయి, మెస్సువాళ్ళ పిల్లలు అదే ఐటీపీఎల్‌లో ఉద్యోగాలకు వెళ్తున్నారు. పొయ్యి దగ్గర ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి వచ్చిన కుర్రాళ్ళు కనిపిస్తున్నారు. తాలింపులో వెల్లుల్లి ఎర్రబడ్డాకే ఇంగువ పడాలని, పప్పును గుత్తితో ఎనపాలే గానీ మిక్సీలో తిప్పకూడదని వాళ్ళకు రోజూ నేర్పుతున్నది ఆ ఇంటి పెద్దావిడే. ఉప్పు మాత్రం ఇంకా ఆవిడే చూస్తుంది.