ధర్మవరంలో అక్షరములెన్ని? పైథాన్ నేర్చుటలో పరుల సాయముపై ఒక విమర్శ

పైథాన్ అను కంప్యూటరు భాషను నేర్చుకొన మొదలిడిన విద్యార్థికి మొదటి వారములోనే ‘లెన్’ అను ఆజ్ఞ పరిచయమగును. ఒక మాటలో ఎన్ని అక్షరములున్నవో ఇది లెక్కించి చెప్పునని పాఠములలో ఉండును. ఇంగ్లీషులో పిల్లిని తెలుపు మాటను ఇచ్చి చూచిన 3 అని జవాబు వచ్చును. విద్యార్థి సంతోషించును. ఆపైన తన ఊరి పేరును తెలుగులో ఇచ్చి చూడబుద్ధి పుట్టుట సహజము.

గుంతకల్లు నుండి బెంగళూరు పోవు రైలుమార్గములో ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వరుసగా వచ్చును. ఈ మూడు పేర్లలోను నాలుగేసి అక్షరములు కలవని మూడవ తరగతి పిల్లలు కూడ వ్రేళ్ళు ముడిచి చెప్పగలరు. పైథాన్ మాత్రము ధర్మవరమునకు 7, పెనుకొండకు 8, హిందూపురమునకు 9 అని చెప్పును. యంత్రము తప్పు చేయలేదు. మనము అడిగినది ఒకటి, అది లెక్కించినది మరొకటి.

ఈ చిక్కును విద్యార్థి ఎవరితో చెప్పుకొనవలెను? ఊరి బడిలో పైథాన్ తెలిసినవారు ఒక్కరే ఉండవచ్చును, అసలే ఉండకపోవచ్చును. కావున అతడు ఇంటర్నెట్ మీద ప్రోగ్రామర్లు కూడు చోటికి పోవును. అట్టి చోట్లలో మిక్కిలి పేరుపొందినది స్టాక్ ఓవర్‌ఫ్లో. జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ అను ఇద్దరు దీనిని 2008లో ప్రారంభించిరి. ఎవరైనను ప్రశ్న అడుగవచ్చును, ఎవరైనను జవాబు చెప్పవచ్చును. మంచి జవాబును చదువరులు ఓటు వేసి పైకెత్తుదురు. ముక్కుమొగము తెలియనివారికై జీతము లేకుండ ఇంతమంది పాఠము చెప్పిన చోటు చరిత్రలో మరొకటి కలదో లేదో! రెండు కోట్లకు మించిన ప్రశ్నలు అక్కడ పోగైనవి. గొప్పతనము సరే, తెలుగు మాధ్యమమున చదువుకొన్న మన విద్యార్థికి అది ఏమాత్రము గురువు కాగలదు? పరీక్షింపవలసినది ఇది.

అక్కడ మొదట తగులునది మర్యాదల చిక్కు. మనవాడు ‘గౌరవనీయులైన అయ్యా’ అని మొదలుపెట్టి ‘కృతజ్ఞతలతో’ అని ముగించును. అక్కడివారు ఆ రెండు వాక్యములను కొట్టివేయుదురు. ప్రశ్న మాత్రమే ఉండవలెనని వారి నియమము. అదే ప్రశ్న మునుపు వచ్చియున్నచో, క్రొత్త ప్రశ్నను మూసి పాతదానివైపు వ్రేలు చూపుదురు. అనుభవజ్ఞునికి ఇది శ్రమ తగ్గించు ఏర్పాటు. పదునైదేండ్ల పిల్లవానికి ఇది గడపలోనే తలుపు వేసినట్లుండును. తమ చోటు క్రొత్తవారికి స్వాగతకరముగా లేదని 2018 ఏప్రిలులో ఆ సంస్థయే బహిరంగముగా ఒప్పుకొన్నది. ఈ లోపమును చిన్నది అనలేము. ఎందుకనగా, వెనుకకు మరలిపోయిన పిల్లవాడు ‘నాకు ఈ విద్య రాదు’ అని మరలిపోవును గాని ‘వారి మర్యాద నాకు తెలియదు’ అని కాదు.

అయినను ఆ నియమములలో ఒకటి బంగారము వంటిది. లోపము కనబడుటకు చాలినంత చిన్న ప్రోగ్రామును మాత్రమే చూపుమని, ఏమి చేసితివో, ఏమి రావలెనని అనుకొంటివో, ఏమి వచ్చినదో చెప్పుమని వారు పట్టుబట్టుదురు. దీని విలువను గ్రహించుటకు ధర్మవరపు మగ్గములను తలచుకొనవచ్చును.

ధర్మవరము పట్టుచీరలకు ప్రసిద్ధి. అంచులోని, కొంగులోని పూలకు మగ్గముపైన జకార్డు పెట్టె ఉండును. దానికి రంధ్రములు కొట్టిన అట్టలు మాలగా తగిలింపబడును. అట్టలో రంధ్రమున్న చోట పడుగు పోగు పైకి లేచును, లేనిచోట లేవదు. ఫ్రాన్సులో జకార్డు 1804లో రూపొందించిన ఈ పద్ధతిని చూచియే ఇంగ్లండులో చార్లెస్ బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రమునకు అట్టలు వాడదలచెను. కాబట్టి ధర్మవరపు నేతవాడు ప్రోగ్రామునకు పెదతండ్రి వరుసవానితో నిత్యము పనిచేయుచున్నాడనుట అతిశయోక్తి కాదు. ఒక్క రంధ్రము తప్పుగా పడినచో ఆ తప్పు పువ్వు పువ్వునకు తిరిగి కనిపించును. అప్పుడు నేతవాడు ప్రక్కింటి పెద్దను పిలుచును. ఆయన వచ్చి మగ్గము చూచును, పోగు పట్టి చూచును, అట్టలు త్రిప్పి చూచును. నేతవాడు సరిగా అడుగలేకపోయినను ఫరవాలేదు. మగ్గమంతయు ఎదుట ఉన్నది.

ఇంటర్నెట్ పెద్దకు మగ్గము కనబడదు. మనము వ్రాసిన నాలుగు పంక్తులే కనబడును. అందుచేత ‘నా ప్రోగ్రాము పనిచేయుటలేదు, సరిచేయుడు’ అనువానికి జవాబు రాదు. ‘ధర్మవరం అను మాటకు 4 రావలెనని అనుకొన్నాను, 7 వచ్చినది, ఎందుకు?’ అనువానికి వచ్చును. పైగా ఈ రెండవ ప్రశ్నను వ్రాయుటకు కూర్చున్నవాడు తరచుగా, ప్రశ్న పంపకమునుపే, సగము జవాబు తానే కనుగొనును. మాటను కుదించి ‘ధ’ అని ఇచ్చిన 1. ‘వ’ కు 1. ‘రం’ కు 2. ‘ర్మ’ కు 3. రహస్యము బయటపడినది! సున్నను విడిగా లెక్కించుచున్నది. ‘ర్మ’ లో రకారము, పొల్లు, మకారము మూడుగా ఉన్నవి. భౌతికశాస్త్రపు ప్రయోగశాలలో పరిశీలన వ్రాయించు ఉపాధ్యాయులకు ఈ పద్ధతి క్రొత్త కాదు.

కారణము యూనికోడ్‌లో ఉన్నది. ప్రపంచ లిపులన్నిటిలోని గుర్తులకు సంఖ్యలనిచ్చు ఈ పట్టికలో తెలుగుకు 128 స్థానములు కేటాయింపబడినవి. అచ్చుకు ఒక సంఖ్య, హల్లుకు ఒక సంఖ్య, గుడికి, కొమ్ముకు, సున్నకు, పొల్లుకు వేరువేరు సంఖ్యలు. ‘లెన్’ లెక్కించునది ఈ సంఖ్యలను. పెనుకొండ పేరును వెనుకనుండి ముందుకు త్రిప్పుమని పైథానును ఆజ్ఞాపించి చూడుడు. ‘ను’ లోని కొమ్ము ‘క’ కు తగులుకొని ‘కు’ అగును. ‘పె’ లోని ఎత్వము ‘న’ పైకెక్కి ‘నె’ అగును. ఒత్వమునకు ఆనుకొన హల్లు దొరకక చుక్కల వలయముపై వ్రేలాడును. నవ్వు వచ్చును గాని ఇది నవ్వులాట కాదు. ‘పేరు 3 స్థానములకు మించరాదు’ అని ఎవరైన ప్రోగ్రాము వ్రాసినచో ధర్మవరం ‘ధర్’ అగును. మనుష్యుల పేర్లకును అదే గతి.

ఇక ఈ ప్రశ్నకు అక్కడ దొరకు జవాబు ఎట్టిది? ‘గుర్తులను కాక, గుర్తుల గుంపులను లెక్కించుము’ అనునది దాని సారాంశము. గుంపు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో చెప్పు సూత్రములు యూనికోడువారు ప్రకటించినారు. ఆ ప్రకారము లెక్కించు సాధనమును తెచ్చుకొని పెట్టగా పెనుకొండకు 4, హిందూపురమునకు 4 వచ్చును. పని ముగిసినదని విద్యార్థి పుస్తకము మూయును. ధర్మవరమును కూడ ఇచ్చి చూచినవాడు మాత్రము మూయడు. పాత సూత్రము ప్రకారము దానికి 5 వచ్చును. ఆ సూత్రము పొల్లు తరువాత గుంపును తెంచివేయును గనుక ‘ర్’ ఒకటి, ‘మ’ ఒకటి అగును. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1 లో ఈ సూత్రమును సవరించి, తెలుగుతోబాటు మరికొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరమును ఒకే గుంపుగా చేసిరి. అప్పటినుండి క్రొత్త సూత్రమునకు 4.

సమూహసాయముపై నాకున్న గట్టి ఆక్షేపణ ఇక్కడనే. జవాబునకు వయస్సు ఉన్నది. ఓట్లకు వయస్సు లేదు. ఎప్పుడో పదేండ్ల క్రిందట నూరు ఓట్లు పొందిన జవాబు పైననే కూర్చుండును. నిన్న వచ్చిన మేలైన జవాబు క్రింద నలుగురికి కనబడక పడియుండును. చదువరి జవాబు క్రింది తేదీని చూచుట, తన మాటలలో ఒత్తున్నదానిని ఒకటి తప్పక చేర్చి పరీక్షించుట అలవరచుకొనవలెను. ఒత్తులేని రెండు ఊళ్ళతో నెగ్గిన జవాబు మూడవ ఊరిలో ఓడినదని చూచితిమి గదా.

భాష సంగతి. స్టాక్ ఓవర్‌ఫ్లోకు పోర్చుగీసు, రష్యను, స్పానిషు, జపాను భాషలలో ప్రత్యేకశాఖలు ఏర్పడినవి. 2011 జనాభా లెక్కలలో ఎనిమిది కోట్లకు పైగా మనుష్యుల మాతృభాషగా నమోదైన తెలుగునకు శాఖ లేదు. హిందూపురపు పిల్లలకు తెలుగు, కన్నడము, ఉర్దూ చెవిలో పడుచుండును. ప్రశ్న మాత్రము ఇంగ్లీషులో వ్రాయవలెను. ప్రోగ్రాము తెలియక కాదు, వాక్యము కుదరక ఆగిపోవువారు ఎందరో.

ఈ లోటును కొంత తీర్చినది ముంబయి ఐఐటిలో ఆచార్య కన్నన్ మౌద్గల్య నడిపిన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రయత్నము. సుమారు పది నిమిషముల పాఠములు. చూచుచు, ప్రక్కనే చేయుచు నేర్చుకొనుటకు తగినట్లు కూర్చినవి. అనేక పాఠములకు తెలుగు ధ్వని కలదు. తెరపై ఇంగ్లీషే ఉండును, చెవికి తెలుగు వినబడును. రేపు ఉద్యోగములో కనబడునది ఆ ఇంగ్లీషు తెరయే గనుక ఈ ఏర్పాటు తెలివైనది. సందేహమును పాఠములోని ఇన్నవ నిమిషము, ఇన్నవ సెకను అని గుర్తుపెట్టి అడుగు వసతి నాకు మరింత నచ్చినది. తప్పిపోయిన చోటును చూపగలవాడు సగము దారి దొరకినవాడే. కాని పాఠములోని సందేహమునకు ఇది తగినంతగా, పాఠము వెలుపల పుట్టు ప్రశ్నకు తగదు. ఊరి పేరులోని అక్షరముల ప్రశ్న ఏ నిమిషమున పుట్టినది?

2022 చివర చాట్‌జీపీటీ వచ్చిన పిమ్మట ప్రశ్నలు చాలవరకు యంత్రమువైపు మళ్ళినవి. స్టాక్ ఓవర్‌ఫ్లోకు వచ్చు క్రొత్త ప్రశ్నలు బాగుగ తగ్గిపోయినవి. యంత్రము తెలుగులో అడిగినను పలుకును, విసుగుకొనదు, తలుపు వేయదు. ఇది పెద్ద మేలు. కాని ‘పనిచేయుటలేదు’ అని మూలిగినను అది ఏదో ఒకటి చెప్పును. ప్రశ్నను కుదించు కష్టము తప్పిపోయినది, ఆ కష్టములో దొరకు సగము జవాబు కూడ తప్పిపోయినది. అది చెప్పినదానిని ఇంకొకరు చూచి ‘ఇది తప్పు’ అని క్రింద వ్రాయుటకు చోటు లేదు.

ఈ మొత్తము వ్యవహారములో పిలువక వదలివేసిన పెద్ద ఒకరున్నారు. ప్రక్కగదిలోని తెలుగు ఉపాధ్యాయుడు. అక్షరమనగా ఏమి అను ప్రశ్నకు ఛందస్సు చెప్పు గురువులయొద్ద కంప్యూటరుకంటె పాత జవాబు కలదు. ధర్మవరం అనగా గురువు, లఘువు, లఘువు, గురువు అని ఆయన చెప్పును. ‘ర్మ’ ముందున్నందున ‘ధ’ గురువైనదని కారణము కూడ చెప్పును. ఆ కారణమును పైథానులో వ్రాయుట పదవ తరగతి విద్యార్థికి అందని పని కాదు. పైగా పైథాన్ మూడవ అవతారమునుండి ప్రోగ్రాములోని పేర్లను తెలుగు లిపిలోనే ‘గురువు’, ‘లఘువు’ అని పెట్టుకొనవచ్చును. అట్టి ప్రోగ్రామును వ్రాసినవాడు తరువాత ఆ సమూహమునకు పోయినచో చేయి చాచి కాదు, ఇచ్చుటకు పోవును. తెలుగు అక్షరమును గూర్చి అక్కడివారిలో చాలమందికి తెలియనిది అతనికి తెలియును.

ఇట్టివారికి ఒక చిక్కు మిగిలియున్నది. హిందూపురమును కొందరు హిందూపూర్ అని వ్రాయుదురు. ‘లెన్’ దీనికిని 9 అనియే చెప్పును. గుంపుల సూత్రము పాతదైనను క్రొత్తదైనను 4 అనును, చివరి ‘ర్’ ను విడి గుంపుగా ఎంచును గనుక. ఛందస్సు మాత్రము ఆ పొల్లును వెనుకటి ‘పూ’ లో కలిపి 3 అనును. ప్రోగ్రాము దేనిని చెప్పవలెనో వ్రాయువాడు ముందే నిర్ణయించుకొని, ఆ నిర్ణయమును ప్రశ్నలో మొదటి వాక్యముగా వ్రాయవలెను.