మూడక్షరాల లెక్క తేల్చిన పత్రం

2011 జూన్‌లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6291 పట్టుమని పది పేజీలు ఉండదు. అందులో ప్రోటోకాల్ లేదు, ప్యాకెట్ బొమ్మ లేదు, ప్రోగ్రామర్ కూర్చుని కోడ్ రాయాల్సిన పని అసలే లేదు. ఓఏఎం అన్న మూడక్షరాలను, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ పత్రాల్లో ఇకమీదట ఏ అర్థంలో వాడాలో చెప్పడమే దాని పనంతా. రాసినవాళ్లు ఐదుగురు: లోవా అండర్సన్, హ్యూబ్ వాన్ హెల్వూర్ట్, రాన్ బొనికా, డాన్ రొమస్కాను, స్కాట్ మాన్స్‌ఫీల్డ్. మూడక్షరాలకు ఐదుగురేమిటని మొదట అనిపిస్తుంది. చదువుతూ పోతే ఇంకో ఇద్దరున్నా పనికొచ్చేవారే అనిపిస్తుంది.

తగవు పాతదే. టెలికం ప్రమాణాలు రాసే ఐటీయూ-టీ వారి ఐ.610 సిఫారసులో ఓఏఎం అంటే ఆపరేషన్, మెయింటెనెన్స్ మాత్రమే. నడిమి ఏ అక్షరం వట్టి ‘అండ్’. ఐఈఈఈ 802.3 ఈథర్నెట్ ప్రమాణంలో అదే ఏ అడ్మినిస్ట్రేషన్ అయింది. చివరి ఎం కొందరికి మెయింటెనెన్స్, కొందరికి మేనేజ్‌మెంట్. టెలిఫోన్ కంపెనీల లోకంలో దీని తోకకు ప్రొవిజనింగ్ తాలూకు పీ కూడా తగిలింది. ఎవరి ఇంట్లో వాళ్లు వాడుకున్నంత కాలం ఇబ్బంది రాలేదు. టెలికం రవాణా నెట్‌వర్క్‌లకు ఉద్దేశించిన ఎంపీఎల్ఎస్-టీపీ కోసం 2008లో ఐఈటీఎఫ్, ఐటీయూ-టీ ఒకే బల్ల దగ్గర కూర్చున్నాయి. ఇంటర్నెట్ మనుషులు ఒకవైపు, టెలికం మనుషులు ఇంకోవైపు. ‘ఈ నెట్‌వర్క్‌కు ఓఏఎం ఉండి తీరాలి’ అని అవసరాల పత్రంలో రాస్తే, ఎం మెయింటెనెన్స్ అయితే పరికరాలు తయారుచేసేవాడికి ఒక పని. మేనేజ్‌మెంట్ అయితే దానికి పదింతల పని. ఆ తేడా చివరికి తేలేది కొనుగోలు ఒప్పందం దగ్గరే.

పత్రం ఎంచుకున్న విస్తరణ ఇది: ఆపరేషన్స్, అడ్మినిస్ట్రేషన్, మెయింటెనెన్స్. ఆ మాటకొస్తే ఎంచుకోవడం ఎవరైనా చేస్తారు. పనితనం కనిపించేది ఒక్కో మాటకూ హద్దు గీసిన తీరులో. ఆపరేషన్స్ అంటే నెట్‌వర్క్‌నూ, అది అందించే సేవలనూ ఆగకుండా నడపడం. కనిపెట్టుకుని ఉండటం, చిక్కు ఎక్కడుందో పట్టుకోవడం ఇందులోకే వస్తాయి. వాడుకునేవాళ్లకు సెగ తగలకముందే పట్టుకుంటే మేలని కూడా చేర్చారు. రాత్రి షిఫ్టులో తెరల ముందు కూర్చునే ఏ నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్ (నాక్) ఉద్యోగికైనా ఆ ఒక్క మాటలో తన కొలువంతా కనిపిస్తుంది. అడ్మినిస్ట్రేషన్ అంటే ఏ వనరు ఎక్కడుంది, ఎలా వాడుతున్నారు అన్న పద్దు రాసుకోవడం. మెయింటెనెన్స్ అంటే మరమ్మతులు, అప్‌గ్రేడ్లు: పాడైన పరికరం మార్చడం, రూటర్ ఆపరేటింగ్ సిస్టంకు ప్యాచ్ వేయడం, కొత్త స్విచ్ చేర్చడం.

ఆ చివరి ఉదాహరణ దగ్గర కాస్త ఆగాలి. కొత్త స్విచ్ పెట్టడం మెయింటెనెన్స్ ఎలా అవుతుంది, అది ప్రొవిజనింగ్ కదా అని ఎవరైనా అడగొచ్చు. జవాబు పత్రంలోనే ఉంది. కొత్త సేవ ఇవ్వడానికి నెట్‌వర్క్‌ను అమర్చడం ప్రొవిజనింగ్. ఇప్పటికే ఇస్తున్న సేవను నిలబెట్టగలిగేలా నెట్‌వర్క్‌ను ఉంచడం ఓఏఎం. ఆ లెక్కన ఒకే స్విచ్ ఒకరోజు ఈ పద్దులోకీ, ఇంకోరోజు ఆ పద్దులోకీ రావచ్చు. చూడాల్సింది పెట్టెను కాదు, దాన్ని ఏ పని కోసం పెట్టారన్నది. ఇంత చిన్న కొలబద్దతో పీ అక్షరాన్ని గొడవ లేకుండా గుమ్మం బయటే కూర్చోబెట్టారు.

మేనేజ్‌మెంట్ అన్నవాళ్లను మాత్రం ఉత్త చేతులతో పంపలేదు. వాళ్లకోసం ‘ఓ అండ్ ఎం’ అన్న రూపాన్ని వేరుగా ఉంచారు. దాని అర్థం ఓఏఎంతో పాటు మేనేజ్‌మెంట్ కూడా. పెద్ద సంచికి ఒక పేరు, అందులోని చిన్న సంచికి ఇంకో పేరు. నాకు ఈ పత్రంలో అన్నిటికన్నా నచ్చిన ఎత్తు ఇదే. ఓడిన పక్షానికీ ఒక పేరు దక్కింది కాబట్టి తగవును తిరగదోడే అవసరం ఎవరికీ లేకపోయింది. ఒకసారి వెలువడిన ఆర్‌ఎఫ్‌సీని మళ్లీ దిద్దరు. ఈ పత్రం కూడా పాతవాటి జోలికి పోకుండా రాబోయే పత్రాలకే వర్తిస్తుంది. బీసీపీ 161 అన్న అంకె దీనికి దక్కింది, అంటే అనుసరించాల్సిన మంచి పద్ధతుల వరుసలో చోటు.

వంక పెట్టడానికి లేకపోలేదు. మూడక్షరాల్లో నడిమిది పనిలో ఎక్కడా పెద్దగా కనిపించదు. మైక్ మ్యూస్ 1983లో రాసిన పింగ్ మొదలు, దారి తెగిందేమో వెంటనే పసిగట్టే బీఎఫ్‌డీ దాకా ఓఏఎం పనిముట్లన్నీ ఆపరేషన్స్, మెయింటెనెన్స్ చేసేవే. పద్దు రాసేది ఒక్కటీ లేదు. ఐ.610 వాళ్లు ఏ అంటే ‘అండ్’ అనడంలో కొంత నిజాయితీ ఉందనే నా అభిప్రాయం.

అయినా పునాది గట్టిదని మూడేళ్లకే తేలింది. 2014లో ఓఏఎం పనిముట్లను పరిచయం చేస్తూ వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 7276 ఇదే నిర్వచనం మీద నిలబడి మరిన్ని మాటలను విడదీసింది. ఫాల్ట్, డిఫెక్ట్, ఫెయిల్యూర్: మనం మూడిటినీ ‘లింక్ పోయింది’ అనేస్తాం. ఇక్కడ ఒక ప్యాకెట్ చేరకపోతే ఫాల్ట్. కొంతసేపు వరుసగా ఏదీ చేరకపోతే డిఫెక్ట్. చేయాల్సిన పనే నిలిచిపోయి ఎక్కువకాలం అలాగే ఉంటే ఫెయిల్యూర్. మూడిటినీ వేరుచేసేది కాలమే. ఈ కాలం ఎంత సన్నగా ఉంటుందంటే, ఐటీయూ-టీ వై.1731 ప్రకారం అత్యంత వేగమైన అమరికలో 3.33 మిల్లీసెకన్లకొక పరీక్ష సందేశం వెళుతుంది. మూడున్నర విరామాల పాటు ఏదీ అందకపోతే డిఫెక్ట్ అని ప్రకటిస్తారు, అంటే సుమారు 12 మిల్లీసెకన్లు. కంటిన్యుయిటీ, కనెక్టివిటీ అన్న జంట కూడా ఇలాంటిదే. ఫోను మోగుతోందా అన్నది మొదటిది, ఎత్తింది మనం అనుకున్న మనిషేనా అన్నది రెండోది. తీగలు తారుమారైన చోట మొదటి పరీక్ష నెగ్గుతుంది, రెండోదే తప్పు పట్టుకుంటుంది.

అన్నీ సర్దుకోలేదు. పరీక్షలు మొదలయ్యే, ముగిసే చివరను మెప్ అంటారు. ఐఈఈఈ లెక్కలో అది మెయింటెనెన్స్ అసోసియేషన్ తాలూకు కొస, ఐటీయూ-టీ లెక్కలో మెయింటెనెన్స్ ఎంటిటీ గ్రూప్ తాలూకు కొస. పొట్టిపేరు ఒకటే, విప్పితే రెండు.

ఇప్పుడు తగవు విశేషణాల మీదికి మళ్లింది. ‘ఇన్-బ్యాండ్ ఓఏఎం’ అంటారు. పాత టెలిఫోన్‌లో మాట వెళ్లే బ్యాండ్‌లోనే సంకేతమూ వెళ్లేది కాబట్టి అక్కడ ఆ మాటకు అర్థం ఉంది. ప్యాకెట్ నెట్‌వర్క్‌లో ఆ బ్యాండ్ ఎక్కడుంది? వాడుకదారు ప్యాకెట్ లోపలే కొలతలు మోసుకెళ్తే ఇన్-బ్యాండ్ అని ఒకరు, విడి పరీక్ష ప్యాకెట్ అదే దారిన వెళ్తే ఇన్-బ్యాండ్ అని మరొకరు. అందుకే 6291ను పొడిగిస్తూ ఐఈటీఎఫ్‌లో రాసుకొచ్చిన ముసాయిదా ఆ మాటను పక్కనపెట్టి, దారి ఒకటేనా, సమాచారం ప్యాకెట్ లోపలుందా విడిగా ఉందా అని వేర్వేరు ప్రశ్నలు వేస్తుంది. ప్యాకెట్ లోపల కొలతలు మోసే పద్ధతి తొలి ముసాయిదాలు ‘ఇన్-బ్యాండ్’ పేరుతోనే మొదలయ్యాయి. 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9197గా వెలువడేసరికి దాని పేరు ‘ఇన్-సిటు’.