టాంగో: కుర్చీల వైపు నుంచి

బ్యూనస్ ఐరిస్‌లో టాంగో డాన్సు జరిగే సాయంకాలాన్ని మిలోంగా అంటారు. ఆ మిలోంగాలో ఎవరూ పిలవక కుర్చీలోనే ఉండిపోయే ఆడవాళ్లకి వాళ్ల వాడుకలో ఒక మాట ఉంది: 'ప్లాంచార్'. అంటే ఇస్త్రీ చెయ్యడం. ఆ ఊరు వెళ్లిన రెండో రాత్రి నేను మూడు గంటలు ఇస్త్రీ చేశాను. సంచిలో కేతీ డేవిస్ పుస్తకం 'డాన్సింగ్ టాంగో' (2015) ఉంది. తీసి చదువుకుందామనిపించింది గానీ, పుస్తకంలో తలదూర్చిన మనిషిని ఇంకెవరూ పిలవరు. తలెత్తి చూస్తూ ఉండాలి.

ఎందుకంటే అక్కడ పిలుపంతా చూపుతోనే. దాన్ని కబెసెయో అంటారు. మగవాడు దూరం నుంచి చూస్తాడు. ఆమె కూడా అతని వైపే చూస్తే తల ఊపుతాడు. ఇష్టం లేకపోతే ఆమె చూపు తిప్పేసుకుంటే చాలు. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఫెలోషిప్ మీద ఉన్న ఏడాది టాంగో క్లాసులో ఈ పద్ధతి గురించి మొదటిసారి విన్నాను. 'వద్దు' అని నోరు తెరిచి చెప్పక్కర్లేని ఏర్పాటు ఎంత నాగరికంగా ఉందో అనుకున్నాను. వద్దనే హక్కు నిజంగానే ఉంది. కావాలనే హక్కు మాటేమిటి? కోరుకుంటున్నట్టు చూడగలను, అంతే. సంప్రదాయం పాటించే హాల్లో లేచి వెళ్లి అడగలేను.

డేవిస్ సోషియాలజిస్టు. అంతకు ముందు కాస్మెటిక్ సర్జరీ చేయించుకునే స్త్రీలతో మాట్లాడి పుస్తకం రాసింది. మనం తొందరపడి తప్పని తేల్చేసే చోట ఆగి, ఆ స్త్రీలు ఏం చెబుతున్నారో వినడం ఆమె పద్ధతి. టాంగో దగ్గరా అదే చేసింది. తను కూడా డాన్సు చేస్తూ ఆమ్‌స్టర్‌డామ్‌లో, బ్యూనస్ ఐరిస్‌లో పరిశోధన చేసింది. స్త్రీవాది టాంగో చెయ్యొచ్చా అన్న ప్రశ్నతో విడిగా ఒక వ్యాసమే రాసింది. మగవాడు నడిపిస్తాడు, ఆమె హైహీల్స్‌తో వెనక్కి నడుస్తుంది. పైనుంచి చూస్తే ఇంతకంటే పితృస్వామ్యం ఇంకేం కావాలి? కానీ ఆ కౌగిలిలో దేహానికి తెలిసేది వేరు. దాన్ని లెక్కలోకి తీసుకోని రాజకీయం అసంపూర్ణమంటుంది డేవిస్. నేను ఒప్పుకుంటాను.

ఎందుకు ఒప్పుకుంటానంటే, 'ఫాలో' కావడం నాకు చాలా కష్టమైంది. బరువంతా ఒక కాలి మీద నిలిపి, రెండో కాలిని ఖాళీగా ఉంచుకుని ఆగాలి. అవతలి మనిషి ఛాతీ కదలికని నా ఛాతీతో విని, అప్పుడు అడుగు వెయ్యాలి. ఎంత పెద్ద అడుగు, ఎంత నెమ్మదిగా, పాటలో ఏ వాద్యాన్ని పట్టుకుని అన్నది చాలావరకు నా చేతిలో ఉంది. "ముందే ఊహించెయ్యకు" అని టీచరు నెలల తరబడి చెప్పింది. సెమినార్లలో అవతలివాళ్ల వాక్యాన్ని మనమే పూర్తి చెయ్యడం అలవాటైన వాళ్లం కదా, మనకిది రాదు. ఇది లొంగిపోవడం కాదు, ఏళ్లు పట్టే విద్య.

శాలీ పాటర్ సినిమా 'ద టాంగో లెసన్' (1997) నాకు తృప్తినివ్వకపోవడానికి కారణం కూడా ఇదే. పాటర్ తన పాత్ర తనే వేసింది. పాబ్లో వెరోన్ దగ్గర టాంగో నేర్చుకుంటుంది, బదులుగా అతన్ని సినిమాలో పెడతానంటుంది. స్టేజీ ప్రదర్శన తర్వాత అతను కోప్పడతాడు: నువ్వేమీ చెయ్యకూడదు, అనుసరించాలి అంతే అని. ఆమె జవాబు, నా సినిమాలో నువ్వు నన్ను అనుసరించాలి అని. పీహెచ్‌డీ రోజుల్లో ఈ సీను చూసి చప్పట్లు కొట్టాను. ఇప్పుడు చూస్తే, అనుసరించడమంటే ఏమీ చెయ్యకపోవడమేనన్న అతని మాట అలాగే మిగిలిపోయింది. ఆమె కుర్చీ మార్చుకుంది, అంతే. కెమెరా చేతిలో లేని ఆడవాళ్లకి ఆ దారి కూడా లేదు.

అర్జెంటీనాకి చెందిన మార్తా సావిగ్లియానో 1995లోనే వేరే చోటు నుంచి మొదలుపెట్టింది. ఆమె పుస్తకం 'టాంగో అండ్ ద పొలిటికల్ ఎకానమీ ఆఫ్ ప్యాషన్'. కాఫీ, రబ్బరు లాగానే 'మోహావేశాన్ని' కూడా పేద దేశాల నుంచి ముడిసరుకుగా తీసుకెళ్లి, శుద్ధి చేసి, తిరిగి వాళ్లకే అమ్మారంటుంది. 1913 ప్రాంతాల్లో పారిస్ టాంగో పిచ్చిలో పడ్డాకే బ్యూనస్ ఐరిస్ పెద్దమనుషులకి అది మర్యాదస్తుల డాన్సుగా కనిపించసాగింది. ఈ పుస్తకం నాకు బాగా తెలుసనుకున్నాను. ఒక రాత్రి నా పక్కన కూర్చున్నాయన, నేను ఇండియా నుంచి వచ్చానని తెలిసి, "మీకు నాట్యం రక్తంలోనే ఉంటుంది" అన్నాడు. ఒళ్లు మండింది. ఆ తర్వాత సిగ్గేసింది. వాళ్ల రక్తంలో ఏదో ఉందనే కదా నేనూ అంత దూరం వెళ్లింది!

2001 చివర్లో అర్జెంటీనా ఆర్థికవ్యవస్థ కూలిపోయి, మరుసటి జనవరిలో పెసో విలువ పడిపోయాక విదేశీయులకి ఆ దేశం చవకైంది. టాంగో కోసం వచ్చేవాళ్లు పెరిగారు. గంటకింత అని తీసుకుని విదేశీ స్త్రీలతో డాన్సు చేసే 'టాక్సీ డాన్సర్లు' ఉన్నారు. మూడో వారం నేనూ ఒకర్ని రెండు గంటలకి మాట్లాడుకున్నాను. చాలా బాగా చేశాడు. మధ్యలో ఇంటద్దె గురించి చెప్పాడు. ఆ కౌగిలి అబద్ధమేమీ కాదని డేవిస్ అంటుందేమో. సావిగ్లియానో బిల్లు చూపించమంటుంది. నాకు ఇద్దరూ కావాలి గానీ, డేవిస్ పుస్తకం బరువంతా కలయిక మీదే ఉంది. కలయిక జరగని వాళ్ల కోసం మళ్లీ సావిగ్లియానో దగ్గరికే వెళ్లాల్సి వచ్చింది. పిలుపు కోసం కూర్చోవడాన్ని ఆమె జూదంతో పోల్చింది: పందెం కాసేది తన స్త్రీత్వాన్నే.

ఈ జూదం నియమాలు మార్చిన వాళ్లూ ఆ ఊళ్లోనే ఉన్నారు. నడిపించేదీ అనుసరించేదీ ఎవరైనా కావచ్చనే క్వీర్ మిలోంగాలు 2000ల దశకంలోనే వచ్చాయి. స్త్రీల హత్యలకి వ్యతిరేకంగా 2015లో 'ని ఉనా మెనోస్' ఉద్యమం వీధుల్లోకి వచ్చాక, టాంగో చేసే స్త్రీవాదులు మిలోంగాల్లో జరిగే వేధింపుల గురించి కూడా బయటికి మాట్లాడారు.

అలాంటి ఒక మిలోంగాలో నేను నడిపించడం మొదలుపెట్టాను. అప్పటికి ఆ పాత్రలో ఆరు నెలల అభ్యాసం. అక్కడ పిలిచే హక్కు నాది. మొదటి వరస పాటలకి ఒక చురుకైన పాతికేళ్ల అమ్మాయిని పిలిచాను. రెండో వరసకి ఆమె స్నేహితురాలిని. గోడ పక్కన డెబ్భై ఏళ్లు దాటినావిడ, ముదురు ఎరుపు బూట్లు వేసుకుని, నా వైపే చూస్తోంది. వచ్చినప్పుడు నాకు కుర్చీ చూపించి, మంచినీళ్లు పోసిచ్చింది ఆవిడే. మూడో వరస మొదలైంది. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను. అది ఊడలేదు.