నీలిరంగు చిప్స్

హైదరాబాద్ బాలానగర్ షెడ్లలో సీఎన్‌సీ మిల్లింగ్ ఆపరేటర్ పనితనం చూసినకొద్దీ గౌరవం పెరుగుతుంది. గట్టిపరచిన డై స్టీలు, కార్బైడ్ కట్టర్, నిమిషానికి 12,000 చుట్లు. లోతుగా కోయడు, పైపైన పల్చగా తీస్తూ వేగంగా పోతాడు. అప్పుడే వేడిలో ఎక్కువ భాగం చిప్స్‌తో, అంటే తెగిపడే లోహపు తునకలతో ఎగిరిపోతుంది. చిప్స్ కమిలి నీలంగా మారతాయి, జాబ్, అంటే కోస్తున్న స్టీలు ముక్క, మాత్రం పెద్దగా వేడెక్కదు. చాలాసార్లు కూలెంట్ కూడా వదలరు. కాగిన అంచుకు చల్లదనం తగిలీ తగలకుండా ఉంటే కార్బైడ్ బీటలు వారుతుంది, అందుకే గాలి ఊదుతారు.

అంతా ప్రోగ్రామే చేస్తుందనుకుంటాం గానీ, మూల తిరిగేచోట కట్టర్ రొద మారిందంటే స్క్రీన్ చూడకముందే అతని చెయ్యి ఫీడ్ నాబ్ మీద ఉంటుంది. ఆ చెవి ఏళ్ల తరబడి మెషీన్ పక్కన నిలబడితేనే వస్తుంది. ఇక్కడే 1968లో వెలసిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో చదివినా సరే. కట్టర్ బిగించాక డయల్ పెట్టి చూస్తాడు. ముల్లు మిల్లీమీటరులో వందో వంతు ఊగినా విప్పి, కోలెట్ తుడిచి, మళ్లీ బిగిస్తాడు.