అట్టపెట్టెమీది అంకెలు

నిడదవోలు రైల్వే జంక్షను. చెన్నై-హౌరా ప్రధాన మార్గమునుండి భీమవరమువైపు పోవు దారి ఇక్కడనే చీలుచున్నది. గేమింగ్ కంప్యూటరు కావలెనను ఇక్కడి విద్యార్థి గోదావరి దాటి రాజమహేంద్రవరము పోవును, లేదా విజయవాడ పోవును. మరికొంత పట్టుదల గలవాడు రాత్రి రైలెక్కి, తెల్లవారుసరికి సికింద్రాబాదులో దిగి, చెనాయ్ ట్రేడ్ సెంటరు మెట్లెక్కును. ఎక్కడికి పోయినను చేతిలోని చీటీ మాత్రము ఒక్కటే: “ఐ7 ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు, 500 వాట్ల పవర్ సప్లై.” దుకాణముల ప్రకటనలును ఇదే వరుసలో నడచును.

ఈ చీటీలో అబద్ధ మేమియు లేకపోవచ్చును. అయినను దానిని నమ్మి కొన్న యంత్రము ఆటకు పనికిరాకపోవచ్చును. దాళ్వా ధాన్యము అమ్మిన సొమ్ములోనుండి తండ్రి నలుబది, ఏబది వేలు తీసి ఇచ్చినప్పుడు, ఆ నాలుగు అంకెలు ఏమి చెప్పుచున్నవో, ఏమి దాచుచున్నవో పరీక్షింపక తప్పదు.

మొదటి మాట “ఐ7”. ఇది ఒక ప్రాసెసరు పేరు కాదు. ఇంటెల్ సంస్థ 2008 నుండి వాడిన ఒక శ్రేణి పేరు. కార్యాలయములవారు వాడి తీసివేసిన పాత యంత్రములను తుడిచి, రంగు దీపముల పెట్టెలో బిగించి, ఈ పేరుతో అమ్ముట సాధారణమైనది. 2011లో వచ్చిన ఐ7-2600కు నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన ఐ3-12100కును నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. నడుమ గడచిన పదకొండేండ్లలో కోరు నిర్మాణమే మారినది. గడియారపు ఒక్కొక్క తాళమునకు అది ముగించు ఆదేశముల సంఖ్య పెరిగినది. కావున ఆటలో ఆ “మూడు” ఈ “ఏడు”ను అవలీలగా దాటిపోవును. మూడుకన్న ఏడు పెద్దదను ఎక్కము ఈ అంగడిలో చెల్లదు.

అంతటితో పోలేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 అధికారికముగా కోరు టీపీఎం 2.0 అను భద్రతాంగము 2011 నాటి ఆ యంత్రములలో ఉండదు. విండోస్ 11పై వాలరెంట్ ఆడవలెనన్నను ఆ అంగము తప్పనిసరి. చవకగా వచ్చిన “ఐ7” ఇంటికి చేరిన మొదటి సాయంకాలముననే ఈ సంగతి బయటపడును.

రెండవది “4 జీబీ” కార్డు. చెరువు ఎంత పెద్దదైనను తూము సన్ననైనదైనచో చేనికి నీరు చాలదని డెల్టా రైతుకు వేరుగా చెప్పనక్కరలేదు. జీబీలు చెరువు కొలత; తూము కొలత వేరు. 2014లో వచ్చిన జీటీ 730 కార్డులలో 64 బిట్ల డీడీఆర్3 మెమొరీ గల రకమొకటి 4 జీబీలతో అమ్ముడుపోయినది. 64 బిట్లనగా 8 బైట్లు. ఒక్కొక్క తీగపై సెకండుకు 1.8 గిగాబిట్లు పోవును గనుక, 8ని 1.8తో గుణింపగా సెకండుకు 14.4 గిగాబైట్లు. 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650కి కూడ 4 జీబీలే. కాని దాని దారి 128 బిట్లు, అనగా 16 బైట్లు, వేగము 8. గుణింపగా 128 గిగాబైట్లు. పెట్టెమీద రెండింటికిని ఒకే అంకె. తూములలో దాదాపు తొమ్మిదిరెట్లు తేడా. లెక్కలు చేయు అంగములను చూచినను మొదటిదానిలో 384, రెండవదానిలో 896. ఈ గుణకారము తొమ్మిదవ తరగతి విద్యార్థి చేయగలడు. చేయవలెనని చెప్పువారే కరవు.

పేరు పూర్తిగా చదివినను జాగ్రత్త అవసరమే. ఆర్‌టీఎక్స్ 3050 అను పేరుతో 2022లో 8 జీబీల కార్డు వచ్చినది. 2024లో అదే పేరుతో 6 జీబీల కార్డు వచ్చినది. తగ్గినవి రెండు జీబీలు మాత్రమే కావు. దారి 128 బిట్లనుండి 96కు, లెక్కల అంగములు 2560 నుండి 2304కు తగ్గినవి. అట్లని రెండవది చెడ్డ కార్డు అనుటకు వీలులేదు. అది 70 వాట్లతో సరిపెట్టుకొనును. ప్రత్యేకమైన విద్యుత్తు తీగ లేకుండ నడువగలదు. పాత యంత్రములో పవర్ సప్లై మార్చలేనివానికి అదే తగినది. తప్పు కార్డులో లేదు, ఒకే పేరుతో రెండు వస్తువులను అమ్ముటలో ఉన్నది.

ఇక మంచి సలహాదారులుగా పేరుపొందినవారు చెప్పు సూత్రము మరియొకటి కలదు: “సొమ్ములో దాదాపు సగము గ్రాఫిక్స్ కార్డుకు పెట్టుము.” ఇది పై చీటీకన్న మేలైనదే గాని, ఏ ఆట ఆడుదువని అడుగకుండ చెప్పు సూత్రము. తెరపై కనబడు ఒక్కొక్క బొమ్మకు రెండు దశలు కలవు. ఎవరు ఎక్కడ ఉన్నారో, గుండు ఎటు పోవుచున్నదో ప్రాసెసరు నిర్ణయించును. ఆ ప్రకారము కార్డు చిత్రించును. 1920×1080 తెరకు ప్రతి బొమ్మలోను 20,73,600 చుక్కలు. సెకండుకు 60 బొమ్మలు కావలెనన్న ఒక్కొక్కదానికి దొరకు వ్యవధి 16.7 మిల్లీసెకండ్లు. ఒక బొమ్మకు ప్రాసెసరు 12, కార్డు 7 మిల్లీసెకండ్లు తీసికొనుచున్నవనుకొందము. రెండును ఒకదాని వెనుక ఒకటిగా ఎడతెగక పనిచేయును గనుక, నెమ్మదియైన 12 ప్రకారము సెకండుకు 83 బొమ్మలు వచ్చును. రెట్టింపు ధర పెట్టి 4 మిల్లీసెకండ్లలో చిత్రించు కార్డు తెచ్చినను ఆ 83 పెరుగదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 వంటి ఆటలను తక్కువ హంగులతో, ఎక్కువ వేగముతో ఆడువానికి ప్రాసెసరే ముందుగా అడ్డుపడును. సైబర్‌పంక్ 2077 వంటిదానికి కార్డు. సూత్రము మొదటివానిని నష్టపరచి, రెండవవానిని రక్షించును. మోనిటరు 60 హెర్ట్జులదే అయినచో, ఆ 83లో కన్ను పూర్తిగా చూచునవి 60 మాత్రమే యనుట మరియొక సంగతి.

పరీక్షా ఫలితములుగా ప్రకటించు “సగటు 60” సహితము విమర్శకు నిలువదు. ఒక సెకండులో 59 బొమ్మలు పదేసి మిల్లీసెకండ్లలో వచ్చి, ఒక్కటి 410 మిల్లీసెకండ్లు పట్టినదనుకొందము. మొత్తము సరిగా 1000; సగటు సరిగా 60. ఆటగానికి మాత్రము నడుమ తెర గడ్డకట్టినట్లే. సగటుతోపాటు అతినెమ్మదియైన బొమ్మల లెక్కను కూడ ఇచ్చు పరీక్షనే నమ్మవలెను.

ర్యామ్ విషయమున చెప్పవలసినది స్వల్పము. 16 జీబీలను ఒకే పలకగా గాక 8 జీబీల రెండు పలకలుగా, బోర్డు సూచించిన గళ్ళలో పెట్టినచో దారులు రెండగును. డీడీఆర్4-3200లో సెకండుకు 25.6 గిగాబైట్ల చోట 51.2 గిగాబైట్లు. విడిగా కార్డు కొనలేక, రైజెన్ 5 5600జీ వంటి ప్రాసెసరులోని చిత్రాంగముతోనే ప్రారంభించువానికి ఇది ప్రాణము వంటిది. 2025 చివరి నెలలలో మెమొరీ ధరలు అమాంతముగా పెరిగినవి; అంతకుముందు అచ్చైన ధరల పట్టికలన్నియు చిత్తుకాగితములైనవి.

ఇప్పుడు ఆ చీటీలో అందరును చివర వ్రాయు మాట: “500 వాట్ల పవర్ సప్లై.” ఎక్కడనో చల్లని గదిలో, తొణకని విద్యుత్తుతో కూర్చుండి వ్రాసిన సలహాలు ఎక్కువగా విఫలమగునది ఇక్కడనే. ఈదురుగాలి లేచినప్పుడు డెల్టా గ్రామములలో దీపములు తగ్గి వెలుగుట, ఆరి వెలుగుట ఎరుగనివారు లేరు. సొమ్ము చాలనప్పుడు దుకాణములో మొదట కోత పడునదియు దీనికే. ఎందుకనగా ఇది పాడైనదాక దీని సంగతి ఎవరికిని కనబడదు.

దీనిని పరీక్షించుటకు హైస్కూలు భౌతికశాస్త్రము చాలును. పెట్టెపై 500 వాట్లని యున్నను, లోపలి లోహపు డబ్బాకు అంటించిన కాగితముపై 12 వోల్టుల వరుసకు ఎదురుగా 18 ఆంపియర్లని యున్నదనుకొందము. 12ను 18తో గుణింపగా 216 వాట్లు. రైజెన్ 5 5600 ప్రాసెసరు గరిష్ఠముగా 76 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115 వాట్లు తీసికొనును. ఈ రెండింటికే 191. ఈ రెండును ప్రధానముగా ఆ 12 వోల్టులనుండియే బలము పొందునవి. పంకాలకును, క్షణకాలము పైకెగయు వాడకమునకును మిగిలినవి 25 వాట్లు! 12 వోల్టులపై నిజముగా 36 ఆంపియర్లు ఇచ్చు 450 వాట్లదే ఇంతకన్న ఎంతో మేలు. “80 ప్లస్” ముద్ర గోడనుండి తీసిన శక్తిలో ఎంత వృథా అగుచున్నదో చెప్పును గాని, వోల్టేజి ఎగసినప్పుడు రక్షించునని చెప్పదు.

మంచి పవర్ సప్లై కరెంటు తెగిన తరువాత సుమారు 16, 17 మిల్లీసెకండ్లపాటు యంత్రమును నిలుపగలదు. 50 హెర్ట్జుల విద్యుత్తులో ఒక్క ఆవర్తనము 20 మిల్లీసెకండ్లు. యూపీఎస్ ఆ స్వల్పకాలములోనే అందుకొనవలెను. ఇంటి ఇన్వర్టరుకు “యూపీఎస్” అను మీట యున్నచో అటు త్రిప్పి యుంచుట మంచిది. లేనిచో దీపములకు తెలియని విరామము కంప్యూటరుకు తెలియును. 600 వీఏ అని వ్రాసిన యూపీఎస్ తరచుగా 360 వాట్లే ఇచ్చుననునది కూడ కొనకముందు చదువవలసిన అంకెయే.

పెట్టెకు ముందువైపు నిండుగా అద్దము బిగించినవి చూపులకు ముచ్చటగానే యుండును. వైశాఖమాసపు ఉక్కలో, గాలి చొరని అద్దము వెనుక, కార్డు తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. అద్దమునకు పెట్టిన సొమ్ముతో జల్లెడ ముఖముగల పెట్టెయు, మరియొక పంకాయు వచ్చును.

పాత కార్డులను పూర్తిగా నిషేధింపనక్కరలేదు. 2022 సెప్టెంబరులో ఈథీరియం నాణెపు లెక్కింపు పద్ధతి మారి, అంతవరకు రాత్రింబవళ్లు దానికై పనిచేసిన కార్డులు ఒక్కసారిగా పాత సరకుగా మిగిలినవి. అట్టివాటిలో సాధారణముగా అరుగునవి పంకాలు, ఎండిపోవునది చల్లబరచు ముద్ద. మెమొరీ కూడ చాలకాలము వేడికి గురియై యుండవచ్చును. డబ్బు చెల్లింపకముందు అరగంటసేపు బరువైన ఆట నడిపించి, వేడిని, పంకా చప్పుడును, తెరపై మచ్చలను చూడవలెను. రాత్రి రైలుకు ఇంకను వ్యవధి యుండును. ఆ అరగంటకు ఒప్పుకొనని దుకాణమునుండి మెట్లు దిగి, ప్రక్క దుకాణమునకు పోవచ్చును.