ఒకే లేన్‌లో నలుగురు

ఎండలు ముదిరే కొద్దీ పురపాలక ఈతకొలనుల్లో తెల్లవారుజాము బ్యాచ్‌లు కిక్కిరిసిపోతాయి. సరదాకు నీళ్ళాడేవారు సాయంత్రాలు ఎంచుకుంటారు గానీ, పొద్దున్నే వచ్చేవారిలో ఎక్కువమంది ల్యాప్‌లు కొట్టేవారే, అంటే ఒక గోడ నుంచి ఎదుటి గోడకు, అక్కడి నుంచి మళ్ళీ వెనక్కి ఈదుతూ దూరం లెక్కపెట్టుకొనేవారే. అటువంటి ఒక కొలను దగ్గర ఈ వారం కొత్తగా వెలిసిన నిబంధనల బోర్డులో ఈత దుస్తులు, తలకు క్యాప్, దిగే ముందు స్నానం, ఉమ్మివేయరాదు, చర్మవ్యాధులున్నవారు దిగరాదు అంటూ అన్నీ ఉన్నాయి గానీ, ఒకే లేన్‌లో దిగిన నలుగురు ఒకరితో ఒకరు ఎలా మెలగాలో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. నలుగురూ వాడుకొనే ప్రతిచోటా నియమాన్ని రాసిపెట్టాలన్నది ఈ శీర్షిక పాత పట్టుదల; బస్సు దిగేవారు దిగాకే ఎక్కేవారు ఎక్కాలన్న వాదన దీని పాఠకులకు ఈపాటికి కంఠతా వచ్చి ఉంటుంది. ఆ పట్టుదలకు ఈ బోర్డు తీవ్రమైన అసంతృప్తినే మిగిల్చింది.

బోర్డులో ఉన్నవాటిలో స్నానం సంగతిని మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోకూడదు. కొలను దగ్గర ముక్కుకు తగిలే ఘాటు క్లోరిన్ ఎక్కువ వేయడం వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది చాలావరకు క్లోరమైన్ల వాసన. నీటి శుద్ధికి కలిపిన క్లోరిన్ ఒంటి చెమటతోనూ మూత్రంతోనూ కలిసినప్పుడు ఏర్పడే సమ్మేళనాలను క్లోరమైన్లు అంటారు; కళ్ళు మండించేవి, దగ్గు తెప్పించేవి ఎక్కువగా ఇవే. తలకు కొబ్బరినూనె దట్టంగా పట్టించుకొని వచ్చి, పైపైన రెండు చెంబుల నీళ్ళు గుమ్మరించుకొని దిగితే, ఆ నూనె నీటిమీద పొరగా తేలి, గోడ అంచున జిడ్డుగీతగా పేరుకొని, చివరకు ఫిల్టరులోని ఇసుకను అట్టకట్టిస్తుంది.

లేన్ అంటే కొలను పొడవునా కట్టిన రెండు తేలుడు తాళ్ళ మధ్య ఉండే నీటిపట్టీ. ఈ ఏర్పాటు పుట్టింది పందేల కోసం. ఆధునిక ఒలింపిక్స్ తొలినాళ్ళలో ఈతపోటీలు 1896లో ఏథెన్స్ దగ్గర సముద్రంలోనూ, 1900లో పారిస్‌లో సేన్ నదిలోనూ జరిగాయి. 1924లో మళ్ళీ పారిస్‌లో జరిగేనాటికి 50 మీటర్ల కొలను, దానిలో విడివిడి లేన్‌లు ఏర్పడ్డాయి. నేటి ఒలింపిక్ కొలనులో ఒక్కో లేన్ వెడల్పు 2.5 మీటర్లు, అది ఒక్క మనిషికి ఉద్దేశించిన కొలత. ప్రజల కొలను ఆ లేన్‌ను పోటీల నుంచి అరువు తెచ్చుకొని, అందులోకి నలుగురైదుగురిని దింపింది. పేచీలన్నీ అక్కడే మొదలవుతాయి. పెద్దవారి బార, అంటే రెండు చేతులూ చాపినప్పటి వెడల్పు, సుమారు 1.7 మీటర్లు ఉంటుంది కాబట్టి, ఎదురెదురుగా వచ్చే ఇద్దరిలో ఒక్కరు బటర్‌ఫ్లై ఈదినా, అంటే రెండు చేతులనూ ఒక్కసారిగా పక్కలకు విసిరినా, రెండోవారికి చోటు చాలదు. అందుకే తెలిసిన ఈతగాళ్ళు ఎదుటివారు దాటిపోయేదాకా ఒక చేతితోనే బటర్‌ఫ్లై సాగిస్తారు.

లేన్‌ను పంచుకోవడానికి రెండు పద్ధతులున్నాయి. ఇద్దరే ఉన్నప్పుడు చెరో తాడు పక్కన చెరి సగం తీసుకొని, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆ సగంలోనే ఉంటారు. ముగ్గురు, అంతకు మించి ఉన్నప్పుడు సర్కిల్ స్విమ్మింగ్ పాటిస్తారు, అంటే ఒక పక్కన వెళ్ళి రెండో పక్కన తిరిగివస్తూ అందరూ ఒకే చుట్టులో తిరుగుతారు. బ్రిటన్‌లోని చాలా కొలనుల్లో పక్కపక్క లేన్‌లకు సవ్య, అపసవ్య దిశలను మార్చి మార్చి కేటాయించి, బాణం గుర్తులతో చూపిస్తారు. తాడుకు రెండువైపులా ఉన్నవారు ఒకే దిశలో సాగుతారు కాబట్టి చేతులు తగిలినా దెబ్బ గట్టిగా ఉండదు. ఎడమపక్క నడిచే రోడ్లకు అలవాటుపడ్డ మనవారికి ఎడమే సహజంగా తోస్తుంది, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఈత నేర్చి సెలవులకు ఇంటికి వచ్చినవారికి కుడి అలవాటై ఉంటుంది. ఏ పక్క అన్నది ముఖ్యం కాదు, అందరిదీ ఒకే పక్క కావడమే ముఖ్యం. అసలు ప్రమాదం మూడోవారు దిగే క్షణంలో ఉంది. చెరి సగం ఈదుతున్న ఇద్దరికీ చెప్పకుండా మూడోవారు దిగి సర్కిల్ మొదలుపెడితే, తలకు తల ఢీకొనడం ఖాయం. అందువల్ల దిగదలచినవారు ముందుగా గట్టుమీద కూర్చొని కాళ్ళు నీళ్ళలో పెట్టి, ఇద్దరూ ఒక్కొక్కరుగా గోడ దగ్గరకు వచ్చేదాకా ఆగి, ఇద్దరితోనూ మాట చెప్పి, అప్పుడు గోడ పక్కగా కాళ్ళతో జారాలి. తలకిందులుగా దూకడం ఎవరూ లేని లేన్‌లో చేయవలసిన పని.

దూకడం మాట వచ్చింది కాబట్టి బావుల గురించి చెప్పక తప్పదు. రెండు మూడు తరాల కిందటి దాకా తెలుగు పల్లెల్లో పిల్లలకు ఈత నేర్పినవి ఎక్కువగా వ్యవసాయ బావులూ చెరువులే. వీపుకు ఎండిన సొరబుర్రో బెండ్లో కట్టుకున్న పసివాళ్ళకు మెట్ల దగ్గరి నీళ్ళు, వచ్చినవాళ్ళకు నడుమ లోతు, బాగా ఆరితేరినవాళ్ళకు గట్టు పైనుంచి దూకే హక్కు అని ఎవరూ రాయని విభజన అక్కడ ఉండేది. గట్టుమీద నిలబడ్డవాడు కిందికి తొంగిచూసి ‘దూకుతున్నా’ అని కేక పెట్టాలి. ఆ కేక వినగానే నీళ్ళలో ఉన్నవాళ్ళు గోడరాళ్ళు పట్టుకొని పక్కకు ఒదగాలి. వాళ్ళు ఒదిగారని కళ్ళారా చూసుకున్నాకే వాడి కాళ్ళు గట్టును వదలాలి. కేక వేశాను కదా అని చూడకుండా దూకినవాడికి పెద్దవాళ్ళ చేత వీపు విమానం మోగేది. బుర్ర జారిపోయి గుటకలు మింగుతున్న పిల్లవాడిని జుట్టు పట్టి మెట్లమీదకు చేర్చడం దగ్గరలో ఉన్న గజ ఈతగాడి పని, అది వాడి సొంత తమ్ముడైనా కాకపోయినా. ఇంత చక్కని క్రమం ఏ బోర్డూ లేకుండా సాగిందంటే, అక్కడ దిగినవాళ్ళందరూ ఒకరికొకరు తెలిసినవాళ్ళు కావడమే కారణం.

ఆ తెలిసినతనానికి ఒక చీకటి వెనుకవైపు కూడా ఉంది. ఏ బావిలో ఎవరు దిగవచ్చో కులం తేల్చేది. ఆడపిల్లల్లో చాలామందికి గట్టు దాకా వెళ్ళే వీలే ఉండేది కాదు. 1927 మార్చి 20న మహారాష్ట్రలోని మహాడ్‌లో డాక్టర్ అంబేడ్కర్ వేలమందితో కలిసి చవ్‌దార్ చెరువు నీటిని తాగవలసివచ్చిందంటే, అది ప్రజల నీటి మీద ప్రజలందరికీ హక్కు ఉందని నిరూపించడానికే. టికెట్ కొన్న ఎవరినైనా ఊరూ పేరూ అడగకుండా దించుకొనే పురపాలక కొలను, ఎన్ని లోపాలున్నా, ఆ బావికంటే గొప్పది. అక్కడ అపరిచితులు కలిసి ఈదుతారు కాబట్టే మర్యాదను ప్రయత్నించి నేర్చుకోవలసివస్తుంది.

ఈ కోణం నుంచి చూసినప్పుడు, ఈత మర్యాదల్లో మొదటిదిగా చెప్పే నియమం, నెమ్మదిగా ఈదేవారు వేగంగా ఈదేవారికి దారి ఇవ్వాలన్నది, మునుపటంత న్యాయంగా కనిపించదు. అది కోచ్‌ల దగ్గర శిక్షణ పొందే జట్లలో పుట్టిన పద్ధతి. అక్కడ అందరి వేగమూ కోచ్‌కు తెలుసు. వేగాన్ని బట్టి వరుస కట్టి, ఐదేసి లేక పదేసి సెకన్ల తేడాతో బయలుదేరదీస్తారు. ప్రజల కొలనులో, ముఖ్యంగా రోజుకు ఒక్కటో రెండో ఉండే మహిళల బ్యాచ్‌లలో, జిల్లా పోటీలకు సిద్ధమవుతున్న అమ్మాయి, మోకాళ్ళ నొప్పికి డాక్టరు ఈదమన్న పెద్దావిడ, నిన్ననే రెయిలింగు వదిలిన గృహిణి ఒకే లేన్‌లో ఉంటారు. ఫ్రీస్టైల్ ఈదేవారి చూపు అడుగున ఉన్న నల్లగీత మీద ఉంటుంది. ఆ గీత గోడకు 2 మీటర్ల ముందు ఒక అడ్డగీతతో ముగిసి, మలుపు వచ్చిందని తెలుపుతుంది. ఆ పెద్దావిడకు ఆ గీత తప్ప మరేమీ కనిపించదు, వెనుక ఎవరున్నారో తెలిసే దారి లేదు. వెనుక ఉన్న అమ్మాయికి మాత్రం ముందరి పాదాలు, అవి లేపే బుడగలు స్పష్టంగా కనిపిస్తాయి. కనిపించేవారు ఉండగా కనిపించనివారి మీద బాధ్యత మోపడం తప్పు. నెమ్మదిగా ఈదేవారు చేయవలసింది ఒక్కటే ఉంది: గోడ దగ్గర ఆగినప్పుడు మధ్యలో నిలబడకుండా మూలకు ఒదగడం, ఎందుకంటే మలుపు తిరిగేవారికి కావలసింది ఆ మధ్యభాగమే. మిగిలినదంతా వేగం ఉన్నవారే చూసుకోవాలి. ముందున్నవారికి చేరువైతే, ఎదురుగా ఎవరూ రావడం లేదని చూసుకొని లేన్ నడుమనే వెనక్కి తిరగవచ్చు, లేదా గోడ దగ్గర ఆగి దూరం పెరగనివ్వవచ్చు.

దాటాలనుకొన్నవారు ముందువారి పాదాన్ని వేలితో ఒకసారి తట్టాలని ఈత పాఠాల్లో చెబుతారు. జట్టులో అది మామూలే. పరిచయం లేని స్త్రీపురుషులు కలిసి ఈదే చోట, కాలు తగిలితే కళ్ళకద్దుకొనే సమాజంలో, నీళ్ళలో వెనుకనుంచి ఎవరో పాదం తాకడం ముందున్నవారిని బెదరగొడుతుంది. కొత్తగా నేర్చినవారైతే ఊపిరి తడబడి నీళ్ళు మింగుతారు. ఆ తట్టడాన్ని ఇక్కడి కొలనులు వదులుకోవాలి. ఇద్దరూ గోడకు చేరాక, గాగుల్స్ నుదుటి మీదకు తీసి, ‘ఈసారి ముందు వెళ్ళమంటారా అండీ’ అని అడిగితే వద్దనేవారు అరుదు. వద్దంటే పది సెకన్లు ఆగి బయలుదేరవచ్చు.