కిటికీలు లేని ఇల్లు

పోయినేడాది జూన్‌లో ప్రైడ్ మంత్ అని మా ఆఫీసులో ఆర్ట్ థెరపీ వర్క్‌షాప్ పెట్టారు. గచ్చిబౌలిలో ఏడో అంతస్తు, కాన్ఫరెన్స్ రూము, తలా ఒక తెల్లకాగితం, మధ్యలో క్రేయాన్ల డబ్బాలు. ఇల్లు, చెట్టు, మనిషి గియ్యమన్నారు. నాకు బొమ్మలు రావు. ఒక చతురస్రం, పైన త్రికోణం, మధ్యలో తలుపు గీసి కూర్చున్నాను. సెషన్ నడుపుతున్న మేడమ్ నా వెనక ఆగి, నా కాగితం తీసి అందరికీ చూపించి, "ఈ ఇంటికి కిటికీలు లేవు, గమనించారా? లోపల ఏదో దాచుకున్నవాళ్ళు ఇలా గీస్తారు" అంది. చాలా ప్రేమగానే అంది.

ఆ గదిలో నేను గే అని తెలిసినవాళ్ళు ఇద్దరే. అంటే ఆవిడ చెప్పింది నిజం. తప్పు చెప్పుంటే నవ్వేసి ఊరుకునేవాణ్ణి. సరిగ్గా చెప్పింది కాబట్టే ఒళ్ళు మండింది. కళ మనసుకి మందు అంటారు కదా, మరి ఆ మందు నాకెందుకు పడలేదు అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. బొమ్మలు, పాట, నాట్యం, నాటకం, రాత వీటి ద్వారా చేసే చికిత్సల గురించి మా క్వియర్ మిత్రుల మధ్య ఇప్పుడు మాట బాగానే నడుస్తోంది. కాబట్టి ఆ ఆలోచన ఇక్కడ పెడుతున్నాను.

*

ఇల్లు-చెట్టు-మనిషి బొమ్మల పరీక్ష ఆ మేడమ్ కనిపెట్టింది కాదు. జాన్ బక్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1948లో తెచ్చాడు. మరుసటేడు కేరెన్ మాకోవర్ ఒక్క మనిషి బొమ్మ మీదే పుస్తకం రాసింది. "ఒక మనిషిని గియ్యి" అన్నప్పుడు మగవాడు ముందు ఆడమనిషిని గీశాడంటే అతని లైంగికత విషయంలో అనుమానించాలన్న సూత్రం అక్కణ్ణుంచి వచ్చిందే. అదే 1949లో రోర్షాక్ ఇంకు మరకల పరీక్షలో స్వలింగప్రియుల్ని పట్టుకోడానికి 20 గుర్తుల జాబితా ఒకటి వచ్చింది. మరకలో మీకు ఏం కనిపించిందన్నదాన్ని బట్టి మీరెవరో తేల్చేస్తారన్నమాట. అది అప్పట్లో జబ్బు, నేరం కూడా. బొమ్మ గీయించడం అంటే దొంగని ఒప్పించడం లాంటిది.

1957లో ఎవ్లిన్ హుకర్ ఈ కోటకి చిల్లు పెట్టింది. 30 మంది గే పురుషులు, 30 మంది కానివాళ్ళు. మరకల పరీక్ష, బొమ్మ చూసి కథ చెప్పే పరీక్ష లాంటివి మూడు పెట్టి, ఆ జవాబుల్ని పేర్లు లేకుండా పేరున్న నిపుణుల చేతికిచ్చింది. ఎవరు ఎవరో వాళ్ళు చెప్పలేకపోయారు. ఆ తర్వాత ఇంకో 16 ఏళ్ళకి, 1973లో, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగప్రియత్వాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది.

ఈ చరిత్ర చదివాక నా కోపానికి ఒక పేరు దొరికింది. ఒకప్పుడు మన జబ్బు కనిపెట్టడానికి వాడిన కాగితం, పెన్సిలు ఇవాళ మన గాయం మాన్పుతామని వచ్చాయి. సామాను అదే. బొమ్మ గీసేది మనం, దాన్ని చదివే హక్కు ఇంకొకళ్ళది అన్న ఏర్పాటు కూడా అదే అయితే, ప్రేమగా చదివినా తేడా ఏముంది?

*

ఈ ఏర్పాటు తలకిందులైన సందర్భం ఒకటుంది. దాని పేరు బొంత.

మా అమ్మమ్మ కుట్టేది. పాత చీరలు, లుంగీలు, చిరిగిన దుప్పట్లు పొరలుగా పేర్చి, దబ్బనంతో కుట్టేది. ఏ ముక్క ఎవరిదో చెప్పేది. పోయినవాళ్ళ బట్టలు కూడా అందులో ఉండేవి. ఎయిడ్స్ మెమోరియల్ క్విల్ట్ గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

1985 నవంబరు. శాన్‌ఫ్రాన్సిస్కోలో హార్వీ మిల్క్, మేయర్ జార్జ్ మాస్కోనీల హత్యని తలుచుకుంటూ ఏటా జరిగే కొవ్వొత్తుల ఊరేగింపు. క్లీవ్ జోన్స్ అనే కార్యకర్త, ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ పేర్లు అట్టల మీద రాసి తెమ్మని అందరికీ చెప్పాడు. ఆ అట్టల్ని ఫెడరల్ బిల్డింగు గోడకి అంటించారు. దూరం నుంచి చూస్తే అతనికి అది అతుకుల బొంతలా కనిపించింది. 1987లో తన స్నేహితుడి కోసం మొదటి ముక్క చేశాడు. కొలత మూడడుగులు బై ఆరడుగులు. ఇంచుమించు ఒక సమాధి కొలత. అది ఊరికే తీసుకున్న కొలత కాదు. అప్పట్లో ఎయిడ్స్‌తో పోయిన చాలామందికి సరైన అంత్యక్రియలే జరగలేదు. కొందరి శవాల్ని కుటుంబాలు తీసుకోలేదు, కొన్నిచోట్ల అంత్యక్రియలు చేసే సంస్థలే ఒప్పుకోలేదు.

1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో నేషనల్ మాల్ మీద దాన్ని పరిచినప్పుడు 1,920 ముక్కలున్నాయి. ఇవాళ సుమారు 50 వేలు. బరువు 54 టన్నులు.

కళగా చూస్తే దీని రూపంలోనే ఒక ఆలోచన ఉంది. కొలత తప్ప వేరే నియమం లేదు. జీన్స్ ప్యాంటు కుట్టొచ్చు, బొమ్మ ఎలుగుబంటి కుట్టొచ్చు, ఉత్తరం కుట్టొచ్చు. కుట్టు వచ్చినవాళ్ళదీ రానివాళ్ళదీ ఒకే కొలత. ఎనిమిది ముక్కలు కలిపి ఒక చదరం చేస్తారు కాబట్టి, బతికుండగా ముఖం ముఖం చూసుకోనివాళ్ళు పక్కపక్కన పడుకుంటారు. పరిచినచోట పేర్లు గట్టిగా చదువుతారు. ఈ ముక్కకి అర్థం ఏంటి, కుట్టినవాడి మనసులో ఏముంది అని ఎవరూ తేల్చరు. చూసేవాడు చదవాల్సింది ఒక పేరే.

అయితే దీన్ని అందరూ మెచ్చుకోలేదు. బొంత చూసి ఏడ్చి ఇంటికి పోతే మందుల కోసం ప్రభుత్వాన్ని ఎవరు నిలదీస్తారని ఉద్యమంలోనే కొందరన్నారు. శోకం వేరు, పోరాటం వేరు అన్న ఈ లెక్కని డగ్లస్ క్రింప్ 1989లో ఒక వ్యాసంలో కదిలించాడు. ఆయన కళావిమర్శకుడు, యాక్ట్ అప్ ఉద్యమంలో ఉన్నవాడు. ఏడవడానికి చోటులేని పోరాటం మనుషుల్ని లోపల్నుంచి తినేస్తుందని ఆయన వాదన సారం. థెరపీ భాషలో దీన్ని 'గ్రీఫ్ వర్క్' అనొచ్చు. కానీ బొంత కుట్టినవాళ్ళు మానసిక ఉపశమనం కోసం పేరు నమోదు చేసుకుని రాలేదు. ఒక సమాధి అవసరమైంది, గుడ్డతో కట్టుకున్నారు. ఉపశమనం ఆ పనికి పక్కన వచ్చింది.

*

మన దగ్గరికి వద్దాం. ఎ. రేవతి ఆత్మకథ 2010లో ఇంగ్లీషులో, ఆ తర్వాత తమిళంలో వచ్చింది. పి. సత్యవతిగారు దాన్ని 'ఒక హిజ్రా ఆత్మకథ'గా తెలుగు చేశారు. ఆ అనువాదానికి 2019 సాహిత్య అకాడెమీ అనువాద పురస్కారం వచ్చింది. ఈ పుస్తకం గురించి నా చుట్టూ నేను విన్న మాటలు రెండే: "గుండె బరువెక్కిపోయింది", "పాపం, ఎన్ని కష్టాలు". మూడో మాట వినలేదు.

అందులో చిన్నప్పటి ఘట్టం ఒకటి. ఊళ్ళో మారియమ్మ జాతర. కుర్రాళ్ళందరూ వేషాలు కడతారు, ఈమె కురత్తి వేషం కడుతుంది. వేషం విప్పి మగబట్టలు వేసుకున్నాక, అసలు వేషం ఇప్పుడు కట్టానేమో అనిపిస్తుంది ఆమెకి. డ్రామా థెరపీలో 'పాత్ర' అనే మాట చుట్టూ ఎంతో సిద్ధాంతముంది: ఇంకొకరి పాత్రలోకి వెళ్ళి, నీ లోపలి మనిషిని కలుసుకుని, తిరిగి బయటికి రావాలంటారు. పాత్రలోంచి బయటికి రావడమే నటన అయినవాళ్ళ సంగతేంటి? ఆ ప్రశ్న రేవతి ఒక జాతర రాత్రితో వేసేసింది.

ఇది మనకి తెలియని విషయమేం కాదు. తిరుపతి గంగమ్మ జాతరలో మగవాళ్ళు చీరలు కట్టి మొక్కు తీర్చుకుంటారు. వేదాంతం సత్యనారాయణ శర్మగారి సత్యభామని చూసి తెలుగుదేశం మురిసిపోయింది. వేషం మనకి ముద్దే. తెల్లారాక కూడా చీర విప్పని మనిషి ఎదురైతేనే కారు అద్దం పైకెత్తుతాం.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే మాట మరీ చేదవుతుంది. నిజాం కాలంలో, 1329 ఫస్లీలో, అంటే 1919లో, హైదరాబాదులో ఒక చట్టం చేశారు. ఊళ్ళో ఉన్న 'నపుంసకుల' పేర్లు రిజిస్టరులో రాయాలి. రిజిస్టరులో ఉన్న మనిషి ఆడబట్టలతో వీధిలో కనపడినా, నాట్యం చేసినా, వాయించినా, ఏ వినోదంలో పాల్గొన్నా వారంటు లేకుండా అరెస్టు చెయ్యొచ్చు. తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది 2023లో. నేను ఆఫీసుకి వెళ్ళొచ్చే ఊళ్ళోనే, మొన్నమొన్నటిదాకా, కొందరికి ఆటా పాటా నేరమని కాగితం మీద ఉంది. అక్కడ పేర్లు రాసిందీ ఒక పుస్తకంలోనే. బొంత మీద పేర్లు రాయడానికీ ఈ రిజిస్టరులో రాయడానికీ మధ్య ఉన్న దూరమే ఈ వ్యాసమంతా.

అలాంటి చోట్ల నుంచి వచ్చిన కళని 'హీలింగ్' అన్న ఒక్క మాటతో సరిపెడితే ఎలా? రేవతి తన జీవితాన్ని పుస్తకంతో ఆపలేదు. ఎ. మంగై దర్శకత్వంలో 'వెళ్ళై మొళి' అనే ఏకపాత్ర ప్రదర్శనగా తనే రంగస్థలం మీదికి తెచ్చింది. తన దెబ్బల్ని తనే మళ్ళీ ఆడటం అంటే, ఏది ఎంతసేపు చెప్పాలో, ఎక్కడ ఆగాలో తనే నిర్ణయించడం. అది శిల్పం. పుస్తకంలోనూ అంతే. వాక్యం చిన్నది, విషయం చెప్పి ముందుకెళ్తుంది, మన కన్నీళ్ళ కోసం ఆగదు. మనం మాత్రం ఆ శిల్పాన్ని పక్కన పెట్టి కేస్ షీట్ చదివినట్టు చదువుతాం. మా మేడమ్ నా బొమ్మని చదివినట్టే. చదువరులుగా మనకి కూడా ఆ తెల్లకోటు వేసుకునే అలవాటుంది.

*

ఇదంతా విని థెరపీ వద్దంటున్నాననుకోవద్దు. రాత్రి రెండింటికి ఊపిరాడని మనిషికి బొంత చరిత్ర పనికిరాదు, ఫోనెత్తే మనిషి కావాలి. ఆ రంగంలోనే తేడాలున్నాయి. ఆర్ట్ థెరపీకి పునాది వేసినవాళ్ళలో ఒకరైన మార్గరెట్ నామ్‌బర్గ్, బొమ్మకి అర్థం గీసినవాళ్ళే చెప్పాలని పట్టుబట్టింది. ఆ పద్ధతి తెలిసినవాళ్ళు నా కాగితం చూసుంటే "ఈ ఇంటి గురించి చెప్తావా?" అని అడిగి ఊరుకునేవాళ్ళు. చెప్పనంటే వదిలేసేవాళ్ళు. మన దేశంలోనూ మద్రాసు హైకోర్టు 2021 తీర్పు తర్వాత, 2022లో, లైంగికతని 'మార్చే' కన్వర్షన్ థెరపీని జాతీయ వైద్య కమిషన్ వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. అంతవరకూ మేలే.

మనవాళ్ళు చేస్తే అన్నీ బాగుంటాయని కూడా అనలేను. రేవతి పుస్తకంలో జమాత్ ఆమెకి ఇల్లూ అయింది, కట్టుబాటూ అయింది. పెద్దల మాటకి ఎదురు చెప్పలేని రోజులు అక్కడా ఉన్నాయి. ఆమె ఆ సంగతి దాచలేదు, అది కూడా నాకు ఆ పుస్తకం మీద గౌరవం పెంచింది. 'మన కోసం మనమే' అన్న నినాదం ఒక్కటే సరిపోదు. చేసిన పని మీద చివరి మాట ఎవరిదన్నది ప్రతి గదిలోనూ మళ్ళీ అడగాల్సిందే.

తార్నాకలో ఒక ఫ్లాటులో నెలకో ఆదివారం మేం ఏడెనిమిదిమంది కలుస్తాం. రాసుకున్నవి చదువుకుంటాం. ఒకటే నియమం: "ఇది నీ కథేనా?" అని ఎవరూ అడక్కూడదు. మొన్న ఒకతను అమ్మ మీద కవిత చదివాడు. చదవడం అయ్యాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఇంకొకామె, "ఆఖరి రెండు లైన్లు తీసెయ్. మీ అమ్మ అప్పటికే వెళ్ళిపోయింది, నువ్వే ఇంకా గుమ్మంలో నిలబడి ఉపన్యాసం ఇస్తున్నావ్" అంది. వాడికి కోపమొచ్చింది. అరగంట వాదించాడు. టీ తాగి, మళ్ళీ చదువుకుని, కొట్టేశాడు. పోయేటప్పుడు మెట్ల మీద నాతో అన్నాడు: "రెండేళ్ళుగా ఇది ఎవరికి చూపించినా నన్ను కౌగిలించుకున్నారు. ఇవాళ మొదటిసారి చదివారు."

ఆఫీసు వర్క్‌షాప్ అయిన వారానికి మా బొమ్మల్ని కవర్లలో పెట్టి తిరిగిచ్చారు. నా దాని మీద ఒక పసుప్పచ్చ స్టిక్కర్ ఉంది, కిటికీ ఒకటి గియ్యమని. కాగితం ఇంకా నా టేబుల్ సొరుగులోనే ఉంది. గియ్యలేదు. నాకు బొమ్మలు రావని ముందే చెప్పాను కదా.